గాయపడియు పనిచేయు స్ఫటికము

దోహా నగరమునకు పశ్చిమ దిక్కున, అల్ రయ్యాన్ ప్రాంతమున, ఖతర్ ఫౌండేషన్ వారు నిర్మించిన ఎడ్యుకేషన్ సిటీ యందు 2003వ సంవత్సరమునుండి టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు శాఖ యొకటి నడచుచున్నది. పెట్రోలియము, రసాయనము, యంత్రము, విద్యుత్తు అను నాలుగు ఇంజనీరింగు శాఖలలో పట్టములిచ్చు ఆ విద్యాలయము ఖతర్‌లోని తెలుగు కుటుంబములకు కొత్తది కాదు. పిల్లలు పన్నెండవ తరగతికి వచ్చిన ప్రతి యింటను దాని పేరు ఏదో యొక పూట వినబడుచునే యుండును. అయినను, జెనీవా నగర సమీపమున, భూమికి సుమారు నూరు మీటర్ల లోతున, సెర్న్ సంస్థవారు నడుపుచున్న సి.ఎం.ఎస్. అను మహాశోధక యంత్రము వెలువరించు పరిశోధన పత్రములలో, వేలకొలది శాస్త్రజ్ఞుల నామావళి నడుమ, ఈ దోహా విద్యాలయపు పేరు ఏండ్ల తరబడి అచ్చగుచు వచ్చినదని యెరిగినవారు మాత్రము బహుకొద్దిమంది.

ఆ చిన్న బృందమును నడపినవారు ఒత్మాన్ బూహాలి అను భౌతిక శాస్త్రజ్ఞుడు. వారు చేపట్టిన పని ప్రధానముగా వాయువుతో నిండిన సంవేదకములకు సంబంధించినది, సిలికానుతో కాదు. అయినను ఆ పనికి మూలమైన ప్రశ్నయు, సిలికాను సంవేదకములను నిర్మించువారిని గత నలుబది సంవత్సరములుగా నిద్రపోనీయని ప్రశ్నయు ఒక్కటే: రెప్పపాటులో కోట్ల కణములు దూసుకొనిపోవు చోట, మనిషి చేయి పెట్టుటకు వీలులేని చోట, పది పదునైదేండ్లపాటు మరమ్మతు లేకుండ పనిచేయవలసిన వస్తువును ఎట్లు చేయవలెను? వికిరణము తాకని పదార్థము లేదు. తాకిన పదార్థము మునుపటివలె ఉండదు. కనుక గాయము పడకుండ కాపాడుట యెట్లని యోచించుట వృథాయని తెలిసికొని, గాయపడిన పిమ్మట ఆ స్ఫటికము ఏ రూపము దాల్చునో ముందుగానే లెక్కగట్టి, ఆ రూపమునకు తగినట్లుగా నేడే దానిని మలచుట అను మార్గమును మనుష్యులు మెల్లమెల్లగా కనుగొనిన వృత్తాంతమే ఈ సంవేదకముల చరిత్ర. నా దృష్టిలో ఇరువదవ శతాబ్దపు ఇంజనీరింగు విద్యలో ఇంతకంటె ధీరమైన యోచన మరియొకటి అరుదు.

ముందుగా వస్తువును చూతము. అరచేతిలో ఇముడు ఒక సిలికాను పలక. మందము 300 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో మూడవ వంతుకంటె తక్కువ. పైభాగము అద్దమువలె నిగనిగలాడుచు, సన్నని అల్యూమినియము చారలతో నిండి యుండును. పలకకు ఒక ప్రక్క వోల్టేజి నిచ్చినచో లోపల స్వేచ్ఛగా తిరుగు విద్యుత్ వాహకములన్నియు తొలగిపోయి, ఆ స్ఫటికము నిశ్శబ్దమైన విద్యుత్ క్షేత్రముగా మారును. అప్పుడొక కణము దానిని దాటిపోయిన యెడల తన దారి పొడుగున సుమారు 22 వేల ఎలక్ట్రానులను, అవి వదలిన చోట ధనావేశమువలె కదలు రంధ్రములను అన్నింటినే విడిపించును. ఎలక్ట్రానులొక వైపునకును, రంధ్రములు మరియొక వైపునకును పరుగెత్తగా, ఏ చారపై సంకేతము కనబడునో ఆ చారక్రిందుగా కణము పోయినదని తెలియును. పలక అంచున మాత్రము కొన్ని వలయములు ఒకదాని వెలుపల ఒకటి గీయబడియుండును. ఇవి నడుమనున్న వందల వోల్టులను కోనేటి మెట్లవలె అంచెలంచెలుగా దింపి, కోసిన అంచునొద్ద స్ఫటికము ఒక్కమారుగా తెగి విద్యుత్తు పొంగకుండ కాపాడును. ఇంత సున్నితమైన యేర్పాటు, తనను చూడవచ్చిన కణముల చేతనే దెబ్బతినుట విధివిలాసము కాదు, భౌతిక నియమము.

ఆ నియమమును తొలిసారి గుర్తించినది సిలికాను విషయమున కాదు, గ్రాఫైటు విషయమున. 1942లో షికాగో నగరమున అణు రియాక్టరు నిర్మాణమునకు సిద్ధపడుచున్న కాలమున యూజీన్ విగ్నర్, న్యూట్రానులు గ్రాఫైటులోని పరమాణువులను వాటి స్థానములనుండి తన్నివేయునని హెచ్చరించెను. యుద్ధము ముగిసిన పిమ్మట, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున, వియన్నాలో పుట్టి వలసవచ్చిన కార్ల్ లార్క్ హోరోవిట్జ్ తన శిష్యులతో కలసి జర్మేనియము ముక్కలపై సైక్లోట్రాను కణములను ప్రయోగించి ఒక విచిత్రమును చూచెను: ఎలక్ట్రానులు ప్రవహించు ఎన్ జాతి జర్మేనియము, దెబ్బతిని దెబ్బతిని, రంధ్రములు ప్రవహించు పి జాతిగా మారిపోయెను. పదార్థమునకు ఏ కొత్త ద్రవ్యమును కలుపకయే దాని జాతి మారినది. ఇది 1940వ దశకము చివరి మాట. సరిగా ఆ సంవత్సరములలోనే, ముత్యముల వర్తకము జపాను కృత్రిమ ముత్యముల దెబ్బకు కూలి, పేదరికమున మునిగియున్న ఖతర్ దేశమునుండి, దుఖాన్ బావుల చమురును మోయు తొలి నౌక 1949 డిసెంబరు చివర బయలుదేరెను. ఆ తీరమున నాడు పడవలు నడపిన వారి మనుమలు, పర్డ్యూలో పుట్టిన ప్రశ్నకు సంబంధించిన లెక్కలు తమ ఊరనే వేయబడుటను చూతురని ఊహించినవారెవ్వరు!

పర్డ్యూ విచిత్రము మొదట ఆకాశమున పనికివచ్చినది. 1962 జూలై 9న అమెరికావారు పసిఫిక్ మహాసముద్రముపై సుమారు 400 కిలోమీటర్ల యెత్తున ఒక అణ్వస్త్రమును పేల్చిరి. దానికి స్టార్‌ఫిష్ ప్రైమ్ అని పేరు. సరిగా మరునాడు టెల్‌స్టార్ అను వార్తా ఉపగ్రహమును కక్ష్యలో నిలిపిరి. భూమి అయస్కాంత క్షేత్రమున చిక్కిన ఆ విస్ఫోటపు ఎలక్ట్రానుల నడుమనుండి తిరుగుచు టెల్‌స్టార్ కొన్ని నెలలకే ఆజ్ఞలను గ్రహించుట మానివేసెను. బెల్ ప్రయోగశాలవారు లోపమును ఊహించి, ఉపాయముతో దానిని తిరిగి లేపిరి కాని, 1963 ఫిబ్రవరిలో అది శాశ్వతముగా మూగవోయెను. అందు చెడినవి ట్రాన్సిస్టర్లు. 3,600 సౌరఘటములు మాత్రము అంత తేలికగా లొంగలేదు. కారణము, అమెరికా సైన్యపు ప్రయోగశాలలో జోసెఫ్ మాండెల్కార్న్ అంతకు రెండేండ్ల పూర్వమే, అప్పటివరకు వాడుకలోనున్న అమరికను తలక్రిందులు చేసి, పి జాతి సిలికానుపై పలుచని ఎన్ పొరను నిలిపినచో వికిరణమునకు ఘటము చాల ఎక్కువ కాలము తట్టుకొనునని చూపియుండెను. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముప్పదియైదేండ్ల పిమ్మట కణశాస్త్రజ్ఞులు చాల తిరిగి, చాల ధనము వెచ్చించి, మరల ఆ తలుపునే తట్టిరి.

సిలికాను కణశోధనలోనికి నిజముగా ప్రవేశించినది 1980లో. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయమున జోసెఫ్ కెమ్మర్, ట్రాన్సిస్టర్ల పరిశ్రమలో 1959 నుండి వాడుకలోనికి వచ్చిన ప్లేనర్ పద్ధతిని సంవేదకములకు అనువదించి, పలకపై ఆక్సైడు పొరను పెంచి, అందు కిటికీలు తెరచి, బోరాను పరమాణువులను నాటి, శబ్దము లేని నిర్మలమైన సంవేదకములను చేసెను. 1983 నాటికి సెర్న్‌లో ఎన్.ఏ.11 అను ప్రయోగమున, 20 మైక్రాన్ల యెడముతో 1,200 చారలు గల పలకలు నిలిచి, క్షణభంగురమైన చార్మ్ కణముల జీవితకాలమును కొలిచినవి. అప్పటి నుండి సిలికాను కణశాస్త్రమునకు కన్నుగా స్థిరపడెను. కాని అచ్చటి వికిరణము మందమైనది. సి.ఎం.ఎస్. నేడు నెలకొనియున్న లార్జ్ హాడ్రాను కొలైడరును నిర్మింపదలచి, సెకనుకు నాలుగు కోట్ల మారులు ప్రోటాను గుంపులు ఎదురెదురుగా దాటునట్టి ఆ యంత్రపు నడిబొడ్డున ఏమి జరుగునని లెక్కవేసినప్పుడు, సిలికాను అచ్చట బ్రతుకజాలదని చెప్పినవారు తక్కువమంది కారు; వారి మాట తొందరపాటు కూడ కాదు.

ఏలననగా, సిలికాను పరమాణువును దాని స్థానమునుండి పెకలించుటకు 25 ఎలక్ట్రాను వోల్టుల శక్తి చాలును. పది లక్షల ఎలక్ట్రాను వోల్టుల న్యూట్రాను ఒకటి దానిని సూటిగా తాకినచో, లక్షకు పైబడిన ఎలక్ట్రాను వోల్టులను ఇయ్యగలదు. ఆ దెబ్బకు ఎగిరిన పరమాణువు తన దారిలోని వందలకొలది పరమాణువులను చెదరగొట్టును. చెదిరినవానిలో చాలభాగము తిరిగి తమ చోటులకే చేరును; చేరనివియు, అవి విడిచిన ఖాళీలును స్ఫటికమున తిరుగాడుచు, ఖాళీలు ఖాళీలతోను, ఖాళీలు భాస్వరముతోను, ఆక్సిజనుతోను జతగూడి స్థిరమైన దోషములుగా నిలిచిపోవును. అందువలన కలుగు హాని మూడు విధములు. దోషములు విద్యుత్తు కారుటకు దారి యిచ్చును; చదరపు సెంటీమీటరు విస్తీర్ణము గల పలకపై 10 కోట్ల కోట్ల న్యూట్రానులు పడిన పిమ్మట, మునుపు నానో ఆంపియర్లలో నుండిన లీకేజీ కరెంటు ఇరువది డిగ్రీల యుష్ణమున మిల్లీ ఆంపియరుకు పెరుగును, అనగా పది లక్షల రెట్లకు. రెండవది, పర్డ్యూవారు చూచిన జాతి మార్పు: ఎన్ సిలికాను మెల్లగా పి అయి, పలకను పూర్తిగా తెరచుటకు వలయు వోల్టేజి మొదట తగ్గి, శూన్యమునకు చేరువై, పిమ్మట అంతులేకుండ పెరుగును. మూడవది అన్నిటికంటె క్రూరమైనది; సంకేతమును మోయుచు పరుగెత్తు ఎలక్ట్రానును, రంధ్రమును నడిమార్గమున దోషము పట్టివేసి, గమ్యమును చేరనీయదు.

ఇందు మొదటి హాని విషయమున ప్రకృతి కఠినముగా నిష్పాక్షికము. హాంబర్గ్ విశ్వవిద్యాలయమున గున్నార్ లిండ్‌స్ట్రోమ్ బృందమున పనిచేసిన మైఖేల్ మోల్ 1999లో తన సిద్ధాంత వ్యాసమున నిరూపించినట్లు, ఆ కరెంటు పెరుగుదల సిలికాను ఏ జాతిదైనను, ఏ విధముగా పెంచినదైనను, ఎంత స్వచ్ఛమైనదైనను ఒక్కటే. ఎన్ని కణములు పడినవో దానికే అనుపాతము. పదార్థమును మార్చి దీనిని తప్పించుకొను వీలు లేదు. తప్పించుకొనగల మార్గము ఒక్కటే, చలి. ఉష్ణము ఏడెనిమిది డిగ్రీలు తగ్గినప్పుడెల్ల ఈ కరెంటు సగమగును గనుక, సున్నాకు ఇరువది డిగ్రీల దిగువన అది సుమారు ఏబదవ వంతుకు పడిపోవును. చలికి రెండవ ప్రయోజనమును కలదు. గాయపడిన స్ఫటికమును గది యుష్ణమున ఉంచినచో మొదటి వారము, పది దినములు కొంత మానును; పిమ్మట, ఎవరును ముట్టకున్నను, వికిరణము ఏమాత్రము లేకున్నను, లోపలి దోషములు కదలి కొత్త జతలు కట్టి, నెలల తరబడి హాని పెరుగుచునే పోవును. అందుచేత యంత్రము ఆపియున్న దినములలో సైతము సంవేదకములను చలిలోనే ఉంచవలెను. వేసవి మధ్యాహ్నమున ఉష్ణము నలుబదియైదు డిగ్రీలు దాటు దోహాలో నివసించువారికి చలి యనునది ఊరక దొరకునది కాదని, యంత్రము ఆగిన గంటకే అది చేజారునని వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవ హానికి మందు వెదకుటకై సెర్న్ ఆశ్రయమున రోజ్ అను సహకార సంఘము 1990వ దశకము నడుమ ఏర్పడినది. లిండ్‌స్ట్రోమ్, ఫ్రాన్స్వా లెమెయ్యూర్, స్టీవ్ వాట్స్ దానికి పెద్దలు. వారి యోచన సాహసవంతమైనది. సంవేదకములకు వాడు సిలికాను అత్యంత స్వచ్ఛముగా నుండవలెనని అంతవరకు అందరి నమ్మిక. వీరు దానికి విరుద్ధముగా, కావలెనని మలినమును చేర్చిరి. పలకలను సుమారు 1150 డిగ్రీల కొలిమిలో గంటల తరబడి, కొన్నిటిని దినముల తరబడి ఉంచి, పైనున్న ఆక్సైడు పొరనుండి ఆక్సిజను స్ఫటికపు లోతులకు ఇంకునట్లు చేసిరి. ప్రోటానులు, పయానులు అను విద్యుదావేశము గల కణములు పడినప్పుడు అట్టి పలకల వోల్టేజి మునుపటికంటె చాల నెమ్మదిగా పెరిగెను. న్యూట్రానుల యెదుట మాత్రము ఆక్సిజను ఏ మేలును చేయలేదు. న్యూట్రాను దెబ్బ పరమాణువులను గుంపుగా చెదరగొట్టుటయు, విద్యుదావేశము గల కణములు ఒంటరి దోషములను అధికముగా పుట్టించుటయు దీనికి కారణమని తరువాత గ్రహించిరి. సగము విజయమని దీనిని కొట్టివేయరాదు. కొలైడరు నడిబొడ్డున, ప్రోటాను పుంజమునకు అతి సమీపమున, పయానులదే రాజ్యము గనుక, పిక్సెల్ సంవేదకములకు ఈ ఆక్సిజను పలకలే వాడిరి.

మూడవ హానికి మందు పదార్థమున లేదు, అమరికలో దొరికినది. కెమ్మర్ నాటి నుండి సంవేదకములు చాలవరకు ఎన్ పలకపై పి చారలు గలవి. చారలు సేకరించునది రంధ్రములను. రంధ్రములు మందగమనములు, ఎలక్ట్రానులు వానికంటె మూడు రెట్లు వేగము గలవి, కనుక దారిలో చిక్కుటకు అవకాశము తక్కువ. అంతేకాదు, ఎన్ పలక గాయపడి పి జాతిగా మారినప్పుడు విద్యుత్ క్షేత్రము చారల వైపునుండి వెనుక ముఖమునకు తరలిపోవును. పలక పూర్తిగా తెరచుకొననిచో చారలు గ్రుడ్డివగును. మొదటినుండియు పి పలకపై ఎన్ చారలు వేసినచో? గాయపడినను పి పలక పి గానే నిలుచును, క్షేత్రము చారల చెంతనే ఉండును, చేరునది ఎలక్ట్రాను. పలక సగమే తెరచుకొన్నను సంకేతము దక్కును. మాండెల్కార్న్ ఆకాశము కొరకు చేసినది, ఇచ్చట మరియొక కారణమున సత్యమయ్యెను. అయితే ప్రకృతి ఏ వరమును ఊరక ఈయదు. వికిరణము వలన పైనున్న ఆక్సైడు పొరలో ధనావేశము పేరుకొని, క్రిందినుండి ఎలక్ట్రానులను ఆకర్షించి, చారకు చారకు నడుమ కనబడని వంతెన కట్టి, అన్నిటిని ఒక్కటి చేసివేయును. దానికి విరుగుడుగా రెండు చారల నడుమ బోరానుతో సన్నని గట్టు వేయవలెను. ఆ గట్టు పలుచనైనచో వంతెన తెగదు. దట్టమైనచో దాని మూలలయందు క్షేత్రము తీవ్రమై పలక చెడును. ఈ రెండింటి నడుమ సరియైన పాళమును పట్టుకొనుట ఈ శిల్పమున అత్యంత సూక్ష్మమైన ఘట్టము. దీనిపై జరిగినంత కంప్యూటరు గణన మరి దేనిపైనను జరిగియుండదని నా అభిప్రాయము.

ఇచ్చటనే వాయువునకు, సిలికానుకు నడిచిన పోటీని చెప్పవలెను. సి.ఎం.ఎస్. యంత్రమునకు మొదట గీసిన పటములలో లోపలి భాగము మాత్రమే సిలికాను. వెలుపలి భాగమున గాజుపై సన్నని లోహపు చారలు గీసి, పైన వాయువు నింపిన సంవేదకములను నిలుపదలచిరి. సిలికాను ఖరీదైనది, గాయపడునది. వాయువును మార్చుకొనవచ్చును గదాయని తలంపు. కాని తీవ్రమైన వికిరణమున ఆ లోహపు చారలపై మెరుపులు పుట్టి అవి తెగిపోవుచుండెను. ఆ మెరుపులను అణచుటకై సెర్న్‌లోనే ఫాబియో సావులి 1997లో, వేలకొలది సూక్ష్మ రంధ్రములు పొడిచిన పలుచని రాగిపూత రేకు నొకదానిని కనిపెట్టెను. దానికి జెమ్ అని పేరు వచ్చినది. అంతలో ఆరు అంగుళముల సిలికాను పలకలు పరిశ్రమలో వాడుకకు వచ్చి, ధర దిగి, 1999 చివర సి.ఎం.ఎస్. వారు వాయువును లోపలినుండి పూర్తిగా విడిచి, సుమారు 200 చదరపు మీటర్ల విస్తీర్ణమున అంతయు సిలికానే పరచుటకు నిశ్చయించిరి. సావులి రేకు ఓడిన పక్షమున మిగిలిపోయినట్లయ్యెను. దోహా కథ ఆ రేకుతోనే ముడివడియున్నది. దానిని కొంచెము ఆగి చెప్పుదును.

ఈ మహానిర్మాణమున మనవారి పాలు లేకపోలేదు. సి.ఎం.ఎస్. యంత్రపు రెండు కొసలయందు ప్రీషవర్ అను భాగము కలదు. దానిలోని 4,288 సిలికాను పలకలలో సుమారు వెయ్యి పలకలు బెంగుళూరులో, భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయందు తయారయినవి. బందరు వాసులకు ఈ సంస్థ తమ ఊరి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో తనలో కలుపుకొన్న బెల్‌గా సుపరిచితము. ఒక్కొక్క పలక 63 మిల్లీమీటర్ల చదరము, 320 మైక్రాన్ల మందము, 32 చారలు. పదేండ్లలో చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కోట్ల కోట్ల న్యూట్రానుల దెబ్బను తిని, ఆ పిమ్మట వందల వోల్టుల క్రింద తెగక నిలువవలెనని నియమము. దేశమున ఎలక్ట్రానిక్ పరిశ్రమ సంవేదకములను చేసి యెరుగని కాలమున, ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమువారు బెల్ ఇంజనీర్లతో కూర్చుండి, ట్రాన్సిస్టర్లకు అలవడిన కొలిమిలో, ధూళికణమొకటి పడినను పాడగు ఈ పెద్ద పలకలను చేయు క్రమమును ఒక్కొక్క మెట్టుగా సాధించిరి. అంచు వలయముల అమరికపై ఢిల్లీ విశ్వవిద్యాలయపు బృందము గణనలు చేసినది. ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విద్యకు తొలి పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున పుట్టి, 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ఊపిరి పోసిన అయ్యగారి సాంబశివరావుగారని తలచుకొనినప్పుడు, సెర్న్ గుహలోని ఆ వెయ్యి పలకల వంశవృక్షమున ఒక వేరు గోదావరి సీమలో కలదనుట అతిశయోక్తి కాదు.

రోజ్ సంఘము ముగిసిన పిమ్మట 2002లో ఆర్.డి.50 అను మరియొక పెద్ద సంఘము పుట్టినది. కొలైడరును మరింత తీవ్రముగా నడుపదలచిన నాటి కొరకు, అనగా ఇంకను పుట్టని యంత్రపు గాయములకు, సంవేదకములను సిద్ధము చేయుట దాని పనిగా నుండెను. వారి పరీక్షావిధానము చూడదగినది. కొత్త పలకను స్లొవీనియా రాజధాని ల్యూబ్ల్యానాలోని చిన్న పరిశోధన రియాక్టరునకు పంపుదురు. అందలి న్యూట్రానుల నడుమ నిమిషములలో, పదేండ్ల వికిరణమంతయు పలకపై పడును. మరియొక పలకను సెర్న్‌లోనే 24 గిగా ఎలక్ట్రాను వోల్టుల ప్రోటాను పుంజమున నిలుపుదురు. తీసిన వెంటనే దానిని గడ్డకట్టు చలిలో పెట్టి, చలిలోనే ప్రయాణము చేయించి, ప్రయోగశాల చేరిన పిమ్మట 60 డిగ్రీల పెట్టెలో సరిగా 80 నిమిషములు ఉంచి, అప్పుడు కొలుతురు. ఏ దేశమున కొలిచినను అంకెలు ఒకదానితో నొకటి పోల్చదగినట్లుండుటకై ఈ అరువది డిగ్రీలు, ఎనుబది నిమిషములు అను నియమమును హాంబర్గ్ వారు నిలిపిరి, ప్రపంచమంతయు పాటించుచున్నది. ఇట్లు కొలువగా తెలిసిన శుభవార్త యొకటి కలదు: వికిరణము మిక్కిలి హెచ్చినప్పుడు సంకేతము, చిన్న మోతాదుల లెక్కను సాగదీసి భయపడినంతగా క్షీణింపలేదు.

ఆ నూతన దశ 2030 ప్రాంతమున ప్రారంభము కావలసియున్నది. పుంజమునకు అతి సమీపమున చదరపు సెంటీమీటరుకు 200 కోట్ల కోట్ల న్యూట్రానులకు సమానమైన దెబ్బ తగులునని లెక్క. అచ్చటికి షెర్‌వుడ్ పార్కర్, తన సహచరులతో 1997లో ప్రకటించిన ఊహ పనికివచ్చినది: చారలను పలకపై గీయక, పలక మందమునకు నిలువుగా సన్నని స్తంభములను దింపినచో, ఆవేశము పలక మందమంత దూరము నడువనక్కరలేదు, ప్రక్క స్తంభమువరకు ఏబది మైక్రాన్లు నడచిన చాలును; నడక తగ్గిన కొలది చిక్కు తగ్గును. 2014లో ఆ కొలైడరు మీది మరియొక శోధక యంత్రమగు అట్లాస్‌లో తొలిసారి నిలిచిన ఈ స్తంభముల సంవేదకములే ఇకముందు అతిలోపలి పొరకు ఆధారము. సి.ఎం.ఎస్. రెండు కొసలయందు పాత భాగములను తీసివేసి, సుమారు 600 చదరపు మీటర్ల సిలికానుతో, కణముల శక్తిని కొలుచు నూతన కెలోరీమీటరును కట్టుచున్నారు. ఎనిమిది అంగుళముల పలకలను షట్కోణములుగా కోసి, వికిరణము అధికమైన చోట 120 మైక్రాన్ల పలుచని వానిని, తక్కువైన చోట 200, 300 మైక్రాన్ల వానిని అమర్చి, మరుగుచున్న కార్బన్ డయాక్సైడు ద్రవముతో సున్నాకు ముప్పదియైదు డిగ్రీల దిగువకు చల్లబరతురు. ఇవి పి పలకలు, ఎన్ చోట్లు. వీని కూర్పు జరుగు కేంద్రములలో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయు నొకటి.

ఇక దోహా సంగతి. లోపలినుండి బహిష్కృతమైన వాయువునకు యంత్రపు అంచులలో, మ్యూవానులు అను కణములను పట్టు స్థలమున, సావులి రేకు రూపమున పునర్జన్మ కలిగినది. మూడు రేకులను ఒకదానిపై ఒకటి పేర్చిన జెమ్ పేటికలు 144, లార్జ్ హాడ్రాను కొలైడరు ఆగియున్న 2019, 2020 సంవత్సరములలో సి.ఎం.ఎస్. కొసలయందు అమరినవి. ఈ నిర్మాణ సంఘమున దోహా బృందము భాగస్వామి. గుహ గోడలనుండి తిరిగివచ్చు న్యూట్రానులును, గామా కిరణములును పేటికలో ఎన్ని అబద్ధపు సంకేతములను పుట్టించునో ముందుగా తెలియనిచో ఏ పేటికను ఎచ్చట నిలుపవలెనో తేలదు. జియాంట్ 4 అను గణన సాధనముతో కణమును కణముగా వెంబడించి ఆ సంఖ్యను రాబట్టు పనిలో ఎడ్యుకేషన్ సిటీలోని శాస్త్రజ్ఞులు పాలుపంచుకొనిరి. సంవేదకపు శిల్పము కొలిమివద్ద మొదలు కాదు, ఇట్టి గణనవద్దనే మొదలగును. పలక మందమెంత, చలి యెంత, వోల్టేజి యెంత అను ప్రశ్నలన్నిటికి తొలి అంకె అచ్చటినుండియే రావలెను. కొలిమి లేని దేశము, పలకలు కోయు పరిశ్రమ లేని దేశము సైతము ఈ శాస్త్రమున గౌరవస్థానము పొందగల ద్వారము ఇదియే. ఖతర్ దానిని గుర్తించి ప్రవేశించుట దూరదృష్టియని నేను నమ్ముచున్నాను.

2024 ఫిబ్రవరిలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు పాలక మండలి తన దోహా శాఖను 2028 నాటికి మూసివేయ నిశ్చయించినది. పరిశోధనకు ఇది దెబ్బయే; విద్యార్థులు పట్టములు తీసికొని వెళ్లిపోవచ్చును గాని, ఇరువదేండ్ల యంత్రమునకు వాగ్దానము చేసిన బృందము నాలుగేండ్లలో ఇల్లు మారుట సులభము కాదు. అయినను ఎడ్యుకేషన్ సిటీలోనే ఖతర్ దేశపు స్వంత విశ్వవిద్యాలయమైన హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయము కలదు, సి.ఎం.ఎస్. నామావళిలో ఆ పేరును ఇప్పుడు కనబడుచున్నది.

నూతన దశకై కట్టుచున్న జెమ్ పేటికలలో ఎం.ఈ.0 అను తరగతి యొకటి కలదు. ఒక్కొక్క కొసకు పదునెనిమిది దొంతరలు, దొంతరకు ఆరు పొరలు. ఇంతవరకు ఏ మ్యూవాను పేటికయు నిలువనంత లోపలికి, పుంజమునకు చేరువగా, దానికి స్థానము నిర్ణయించిరి. ఆ స్థానము 600 చదరపు మీటర్ల సిలికాను కెలోరీమీటరునకు సరిగా వెనుకనే. ముందు సిలికాను దెబ్బలు తినుచు కణముల వరదను చాలవరకు మ్రింగివేయగా, దానిని దాటివచ్చు మ్యూవానులను వాయువు పట్టుకొనవలెను. 1999లో వేరైన రెండు విద్యలు ఇట్లు ఒకదానినానుకొని యొకటి నిలువబోవుచున్నవి. రెండింటికి వలయు న్యూట్రాను లెక్కలు ఒక్కటే.